పాదం నాదినాగ నేదు



ఈతముల్లు ఒకటి మా పెద్దన్నయ్య అరికాలిలో విరిగి మూడు రోజులు లోపలే ఉండిపోయింది. ఆయనకు తెలియనే తెలియలేదు. నాలుగోనాటి సాయంత్రం తోటలోంచి వచ్చి అరుగు మీద కూర్చుంటే, వదిన చెంబుతో కాళ్ల మీద నీళ్లు పోస్తూ చూసింది. పాదం వాచిపోయి, మడమ పక్కన చీము పట్టి ఉంది. "ఇంత ముల్లు దిగితే నొప్పెట్టనేదేటి?" అని ఆవిడ కేకేసింది. అన్నయ్య ఆ పాదాన్ని రెండు చేతులతో ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. పరాయివాళ్ల వస్తువేదో తన ఇంట్లో దొరికినట్టు చూసి, "పాదం నాదినాగ నేదే" అన్నాడు.

ఆ నెలలోనే ఇంకో సంగతి జరిగింది. మా ఇంట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర వండిన రోజు అందరూ రెండు ముద్దలు ఎక్కువే తింటారు. ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్లు చెమర్చాలి, అప్పుడే అది కూర. ఆ రోజు అన్నయ్య ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపాడు. "ఉప్పెయ్యడం మర్సిపోనావేటి?" అన్నాడు. వదిన వేలితో తీసి నాలుక్కి రాసుకుంది. ఉప్పు సరిపోయింది, ఆవ సరిపోయింది, పులుపూ సరిపోయింది. నేనూ తిన్నాను, మా పిల్లలూ తిన్నారు. "సప్పగా ఉందా మావా?" అని వదిన అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "సప్పగా కూడా కాదే. ఇనప గునపం నాకినట్టుంది" అన్నాడు.

అరికాలెక్కడ, నాలుకెక్కడ? ఈ రెండింటికీ సంబంధం ఉందని మాలో ఒక్కరికీ తోచలేదు. తోచేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది. ఆ ఏడాదిన్నర ఇంకెవరింట్లోనూ వృథా కాకూడదనే ఈ పూట మీ ముందుకొచ్చాను.

మాది కవిటి మండలంలో ఒక ఊరు. నేను బడిపంతులుగా చేసి రిటైరై శ్రీకాకుళంలో ఉంటున్నాను. వైద్యుణ్ని కాను. అన్నయ్య వెంట ఏళ్ల తరబడి ఆసుపత్రి బల్లల మీద కూర్చుని, డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నదే మీకు చెబుతున్నాను.

మా ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే అలా మారిందని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో సముద్రం పక్కనే పరుచుకున్న నేల అది. కొబ్బరి, జీడిమామిడి, పనస. విజయనగరం వైపు నుంచి మొదటిసారి వచ్చినవాళ్లు ఆ పచ్చదనం చూసి ఇక్కడివాళ్లకేం లోటు అనుకుంటారు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మా తోటల మీదనుంచే నడిచిపోయింది. ముప్పై నలభై ఏళ్ల చెట్లు ఒక్క రాత్రిలో నేలకూలాయి. అప్పుడు రాష్ట్రమంతా మావైపు తిరిగి చూసింది. అంతకు చాలా ముందునుంచే, గాలీ వానా చప్పుడేమీ లేకుండా, మా మనుషులు ఒక్కొక్కరే కూలిపోతూ వచ్చారు. 1990ల నాటికే మా ఊళ్లలో నడివయసు మనుషులు కిడ్నీ చెడి చనిపోవడం మొదలైంది. షుగరు లేదు, బీపీ లేదు, తాగుడు లేదు. పొద్దుగూకులూ తోటలో పని చేసుకునే మనుషులు.

అన్నయ్యకు తిమ్మిర్లు మొదలైనప్పుడు మా ఇంట్లో తలో మాటా అన్నారు. పక్షవాతానికి ముందు ఇలాగే ఉంటుందని ఒకరు. వాతం చేసిందని ఒకరు. నోరు చప్పబడితే పైత్యమని జీలకర్ర కషాయం కాచి ఇచ్చారు. నేను కూడా, చదువుకున్నవాణ్నే, గ్యాస్ అయి ఉంటుందిలే అన్నాను. ఆ మాట నేనన్నానని ఇప్పటికీ నాకు గుర్తుంది.

మా అమ్మకు మాత్రం వేరే భయం పట్టుకుంది. ఒకరాత్రి అందరూ పడుకున్నాక దీపం పట్టుకుని అన్నయ్య వీపంతా వెతికింది, మచ్చలేమైనా ఉన్నాయేమోనని. ఆవిడ కాలంలో స్పర్శ లేదంటే ఒకటే అర్థం, పెద్దరోగం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆ రోజుల్లో కుష్ఠు చాలా ఎక్కువ. అప్పటి విజయనగరం జిల్లా సాలూరులో లెప్రసీ మిషన్ వాళ్ల ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఆ రోగుల కోసమే వెలిసింది. ఆ జబ్బు వచ్చినవాళ్లను ఊరి చివర పాకలో పెట్టడం అమ్మ చిన్నప్పుడు చూసింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు మూడు మందులు కలిపి ఇచ్చే చికిత్సను సిఫారసు చేశాక ఆ భయం మెల్లగా కరిగింది. ఆరు నెలలో, ఏడాదో మందు వాడితే పోయే జబ్బు అది, మందు ఉచితం. ఇవాళైనా సరే, ఒంటి మీద పాలిపోయిన మచ్చ ఉండి, ఆ మచ్చ మీద దూదితో రాసినా తెలియకపోతే సిగ్గుపడకుండా పీహెచ్‌సీకి వెళ్లండి. అన్నయ్యకున్నది అలాంటిది కాదు. మచ్చ లేదు. రెండు పాదాలకూ ఒక్కతీరుగా, వేలి కొసల నుంచి మొదలై మేజోళ్లు తొడుక్కున్నట్టు పైకి పాకింది.

ఇక్కడ ఒక తప్పు జరిగింది. ఎవరి పేరూ చెప్పను, చెప్పి లాభం లేదు. రాత్రిళ్లు కాళ్లు తిమ్మిరెక్కి, లాగి, నిద్ర పట్టక అన్నయ్య దగ్గర్లోని ఒకాయన దగ్గరికి వెళ్లేవాడు. ఆయన నొప్పి సూది పొడిచి, పది బిళ్లలు పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఆ రాత్రికి హాయిగా ఉండేది. మళ్లీ నాలుగు రోజులకు అదే సూది, అవే బిళ్లలు. అలా నెలల తరబడి. ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయని, ముందే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా తొందరగా చంపేస్తాయని మాకు చెప్పినవాళ్లు లేరు. ఎండలో చెమటోడ్చి, సరిగ్గా నీళ్లు తాగక, సాయంత్రానికి ఒళ్లు నొప్పులని ఆ బిళ్ల వేసుకోవడం మా ప్రాంతంలో టీ తాగినంత మామూలు. శ్రోతలారా, మీ ఇంట్లో బియ్యం డబ్బా పక్కనో, దేవుడి అలమరలోనో ఆ బిళ్లల అట్ట ఉంటే, ఎవరు వేసుకుంటున్నారు, ఎన్నాళ్ల నుంచి వేసుకుంటున్నారు అని ఈ రోజే అడగండి.

ఇంకో చోట ఇంకో పెద్దమనిషి అన్నయ్యను తలనుంచి పాదం దాకా చూసి, ఇదంతా మనసుకు సంబంధించింది, దిగులు పెట్టుకోకు అన్నాడు. అన్నయ్య దారి పొడుగునా ఏమీ మాట్లాడలేదు. బస్సు దిగాక, "ఒరే తమ్ముడా, నాను అబద్దమాడతన్నానంటావేటి?" అని అడిగాడు. ముల్లు దిగిన పాదం తెలియకపోవడం కన్నా ఆ మాట ఆయనకు ఎక్కువ గుచ్చుకుంది. కారణం కనిపించని బాధకు ఈ శిక్ష ఒకటి అదనం. దెబ్బ తగిలితే నెత్తురు కనబడుతుంది. జ్వరమొస్తే చెయ్యి వేసి చూస్తారు. తిమ్మిరిని ఎవరికి చూపించాలి? నోట్లో రుచి పోయిందని దేన్ని చూపించి నమ్మించాలి?

చివరికి రక్త పరీక్ష చేయించింది మా మేనకోడలు. నర్సు ట్రైనింగ్ చదువుతోంది. సెలవులకు వచ్చి, పెద్దమావయ్య పక్కన కూర్చుని, "మావయ్యా, నోట్లోంచి అమ్మోనియా వాసనొస్తంది" అంది. మర్నాడే సోంపేట తీసుకువెళ్లి సీరం క్రియాటినిన్ చూపించింది. ఆరు పాయింట్ రెండు. ఒకటికి కాస్త అటూ ఇటూగా ఉండాల్సిన అంకె అది.

ఉద్దానంలో ఆ అంకె ఎంతగా నోళ్లలో నానిందో బయటివాళ్లకు చెబితే నమ్మరు. చదువు రాని ముసలమ్మలు కూడా "మీవోడికి కేటినిన్ ఎంత?" అని అడుగుతారు. మా ఊరి టీ కొట్టు దగ్గర ఎవరి అంకె ఎంతో అందరికీ తెలుసు. పెళ్లి సంబంధాలకు వచ్చినవాళ్లు భూమి ఎంతని అడిగే ముందు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ ఉందా అని అడుగుతారు. "కిడ్నీ ఉందా" అంటే మా దగ్గర జబ్బు ఉందా అని అర్థం.

ఇప్పుడు అరికాలికీ నాలుకకూ ఉన్న సంబంధం చెబుతాను. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది నాకు అర్థమైనట్టు చెబుతున్నాను. కిడ్నీలు రక్తాన్ని వడగట్టడం మానేస్తే యూరియా, మరెన్నో మలినాలు రక్తంలోనే తిరుగుతుంటాయి. ఒంట్లోకల్లా పొడుగైన నరాలు నడుము దగ్గర పుట్టి కాలి బొటనవేలి దాకా వెళ్తాయి, దగ్గర దగ్గర ఒక మీటరు పొడవు. ఆ విషానికి మొదట దెబ్బతినేది ఆ పొడుగు నరాల చివరి కొసలే. అందుకే తిమ్మిరి పాదం వేళ్ల దగ్గర మొదలవుతుంది. అదే యూరియా ఉమ్మిలోకి కూడా ఊరుతుంది. నోట్లో ఉండే బ్యాక్టీరియా దాన్ని అమ్మోనియాగా మారుస్తుంది. ఆ ఇనప రుచీ, ఆ వాసనా అక్కడివే. నాలుక మీద రుచి తెలిపే మొగ్గల్లోని కణాలు సుమారు పది రోజులకోసారి రాలి, కొత్తవి పుడుతుంటాయి. ఒళ్లంతా విషమైనప్పుడు ఆ కొత్తవి సరిగ్గా పుట్టవు. మాంసం, చేపల మీద వెగటు పుట్టడం కూడా ఇందులో భాగమే. మెత్తళ్ల పులుసంటే ప్రాణం పెట్టే మా అన్నయ్య ఆ వాసనకే లేచి వెళ్లిపోయేవాడు.

ఈ రెండూ జబ్బు చాలా ముదిరాక కనిపించే గుర్తులని తెలిశాక నాకు ఒళ్లు జల్లుమంది. కిడ్నీలో సగానికి పైగా పాడయ్యేదాకా మనిషికి ఏమీ తెలియకపోవచ్చు. పైగా ఉద్దానంలో కనిపించే ఈ జబ్బు తీరే వేరు. మామూలుగా షుగరు వల్ల చెడిన కిడ్నీ అయితే మూత్రంలో ప్రొటీన్ ఎక్కువగా పోతుంది, నురగ కడుతుంది, ముఖం వాస్తుంది. ఇది వడపోత గొట్టాలనూ వాటి మధ్యనున్న కణజాలాన్నీ లోలోపల ఎండగట్టుకుంటూ పోతుంది. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా కనబడదు. బీపీ కూడా మొదట్లో ఉండదు. కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని ధైర్యపడితే చాలదు, రక్తంలో క్రియాటినిన్ చూడాల్సిందే. మా ప్రాంతంలో ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి ఆ పరీక్ష చేయించుకోవాలని నా గట్టి అభిప్రాయం. తిమ్మిరి వచ్చేదాకా ఆగితే అప్పటికే ఆలస్యం అయినట్టు.

తిమ్మిరన్న ప్రతివాళ్లకూ ఇదే జబ్బని మాత్రం భయపడకండి. షుగరు వల్ల రావచ్చు, బి12 విటమిన్ తక్కువై రావచ్చు, థైరాయిడ్ వల్ల రావచ్చు. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల వేళ్లు చూడండి. పిక్క పెంకులోంచి కారే జీడి నూనె తగిలి చర్మం నల్లబడి, పొక్కి, ఊడి, మళ్లీ గట్టిపడి ఉంటుంది. వాళ్లకు వేలి కొసన ఏం తెలియకపోయినా పని వల్లనే అనుకుంటారు. చాలామందికి అది నిజమే కావచ్చు. కానీ పాదాలకు కూడా తెలియడం లేదంటే ఆ పాపం జీడి నూనెది కాదు, పరీక్ష చేయించాలి.

మరి ఈ జబ్బు ఎందుకొచ్చింది? ఇక్కడే మా కథ ఆగిపోతుంది. విశాఖపట్నం నుంచి డాక్టర్ టి. రవిరాజు వంటి కిడ్నీ వైద్యులు ఏళ్ల క్రితమే మా ఊళ్లకు వచ్చి నమూనాలు తీసుకెళ్లారు. ఆయన బృందం చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది, నూటికి పద్దెనిమిది మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బుందని అందులో తేలింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 2402 మంది పెద్దవాళ్లను పరీక్షించి 2020లో వెలువరించిన ఫలితంలో 506 మందికి ఉంది. అంటే అయిదుగురు కూర్చున్న అరుగు మీద ఒకరికి. భూమిలో నీళ్లన్నారు, నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో ఒళ్లు ఆరిపోవడమన్నారు, నొప్పి బిళ్లలన్నారు, వంశంలో ఉందన్నారు. ఒక్కో మాట వెనుకా కొంత ఆధారం ఉంది. ఇదీ కారణమని వేలెత్తి చూపగలిగింది ఏదీ లేదు. వైద్యుల భాషలో దీని పేరే కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు.

లోకంలో మేము ఒంటరివాళ్లం కాము. శ్రీలంకలో అనూరాధపురం చుట్టుపక్కల వరి రైతులకు 1990ల నుంచే ఇదే తీరు. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో సముద్రతీరపు చెరకు కూలీలకు ఇదే తీరు. అందరూ వేడి నేలల మీద ఒంగి పని చేసే పేదవాళ్లే. నికరాగువాలో కొన్ని చెరకు తోటల్లో కోత కూలీలకు నీళ్లు, నీడ, మధ్య మధ్య విశ్రాంతి తప్పనిసరి చేస్తే కిడ్నీ దెబ్బతినడం తగ్గిందని చూశారు. కారణం పూర్తిగా తేలకముందే చేసిన పని అది. నాకు ఆ పద్ధతి నచ్చింది. మా జీడి తోటల్లో, ఇటుక బట్టీల్లో, ఉపాధి పనుల్లో ఆ మూడూ ఇవ్వడానికి ఏ పరిశోధన ఫలితం కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

ఇంకో కథ నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఐరోపాలో డాన్యూబ్ నదిలో కలిసే ఏరుల వెంట, సెర్బియా, బల్గేరియా, క్రొయేషియా, బోస్నియా, రుమేనియాల్లోని పల్లెల్లో 1950లలో అచ్చం ఇలాంటి జబ్బే బయటపడింది. అక్కడా ఒక ఊళ్లో ఉండేది, పక్క ఊళ్లో ఉండేది కాదు. నీళ్లన్నారు, బూజన్నారు, వంశమన్నారు. 1990లలో బెల్జియంలో సన్నబడటానికి మూలికల మందు వాడిన ఆడవాళ్లకు కిడ్నీలు చెడ్డాయి. ఆ మందులో అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిందని తేలింది. మన దగ్గర పాముకాటుకని నాటువైద్యులు వాడే ఈశ్వరివేరు కూడా ఆ జాతిదే. వాళ్ల కిడ్నీ, డాన్యూబ్ పల్లె రైతు కిడ్నీ ఒక్కలాగే ఉన్నాయి. వెతికితే ఆ పల్లెల గోధుమ చేలల్లో అదే జాతి కలుపు మొక్క. కోతలో దాని గింజలు గోధుమల్లో కలిసి, పిండిలో కలిసి, రోజూ తినే రొట్టెలోకి చేరాయి. 2007లో గ్రోల్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం దాని ఆనవాళ్లను రోగుల కిడ్నీల్లోనే పట్టుకుని చూపించింది. బయటపడ్డాక యాభై ఏళ్లకు. మా అన్నయ్యకు ఈ కథ చెబితే, "అయితే మనది కూడా దొరుకుతుందిలే. మనవడి కాలానికైనా" అన్నాడు. అది దొరకాలంటే వెతకడం ఆగకూడదు. ఎన్నికలకోసారి వచ్చి, నమూనాలు పట్టుకెళ్లి, మళ్లీ కనిపించకపోవడం వెతకడం కాదు. నమూనా ఇచ్చిన మనిషికి దాని ఫలితం చెప్పాలి. అది ఆయన రక్తం.

ఇన్నేళ్లలో కొంత జరిగింది, కాదనను. ఒకప్పుడు డయాలసిస్ అంటే విశాఖ కేజీహెచ్ ఆసుపత్రి, రెండు వందల కిలోమీటర్లు దాటిన దూరం. వారానికి మూడుసార్లు ఎవరు పోగలరు? చాలామంది రెండు నెలలు తిరిగి మానేశారు. మానేసి ఇంట్లోనే పోయారు. తర్వాత సోంపేటలో, పలాసలో, కవిటిలో, హరిపురంలో డయాలసిస్ కేంద్రాలు వచ్చాయి. నెలకు 10,000 రూపాయల పింఛను వచ్చింది. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అదే రోజు హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు ఏడు మండలాలకూ తెచ్చే పథకం కూడా. భూమిలో నీళ్లే కారణమని తేలకపోయినా, నది నీళ్లు తేవడం మంచి పనే.

ఇక ఇంట్లో సంగతికి వస్తాను, అసలు బతుకు అక్కడుంది కనక. కొబ్బరి చెట్లు పెంచి బతికినవాడికి కొబ్బరినీళ్లు తాగొద్దన్నారు. పనస తొన వద్దు, అరటిపండు వద్దు, జీడిపప్పు వద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, రక్తంలో పెరిగితే గుండె ఆగిపోతుంది. మా తోటలో దొరికేదంతా అన్నయ్యకు విషమైంది. ఎండు చేపలు, ఊరగాయ ఉప్పుకని మానిపించారు. నీళ్లు కొలత. ముందురోజు వెళ్లిన మూత్రమెంతో దానికి అర లీటరు కలిపి అంతే తాగాలి. అదే ఇంట్లో, అదే ఎండలో పని చేసే మా అన్న కొడుకుకేమో నీళ్లు బాగా తాగు, దాహం వేసేదాకా ఆగకు అని చెప్పాలి. వదిన ఒకే బిందెలోంచి ఒకరికి కొలిచి పోస్తూ, ఒకరికి బలవంతంగా పోస్తూ ఉంటుంది.

ఆవిడ వంట మీరు చూడాలి. కూరగాయలు చిన్న ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు వార్చి పారబోసి, అప్పుడు కూర వండుతుంది. పొటాషియం ఆ నీళ్లలో పోవాలని. దానితోపాటే కూర రుచి కూడా పోతుంది. నాలుకకు రుచి లేదు, కంచంలో రుచి లేదు. మొదట్లో అన్నయ్య కోపంతో కంచం తోసేసేవాడు. ఆవిడ ఏడ్చేది కాదు. రకరకాలుగా మార్చి చూసేది. తినబోయే ముందు నోరు బాగా పుక్కిలించి, బ్రష్ చేసుకుంటే ఆ ఇనప రుచి కాస్త తగ్గుతుందని కనిపెట్టింది. వేడివేడిగా పెడితే వాసనకు వెగటు పుడుతోందని, చల్లార్చి పెట్టడం మొదలెట్టింది. ఉప్పు లేని లోటుకు నాలుగు చుక్కలు నిమ్మరసం, కాస్త వెల్లుల్లి, మిరియం, వేయించిన ధనియాల పొడి. పిడికెడు ఆవపిండికి డాక్టరమ్మను అడిగి మరీ ఒప్పించుకుంది. డయాలసిస్ అయిన మర్నాడు పొద్దున్న అన్నయ్యకు నోరు కాస్త బాగుంటుందని ఆవిడ గమనించింది. రక్తం శుభ్రమైన పూట అది. అందుకని మంచి కూర ఏదైనా ఆ పూటకే దాచి వండుతుంది.

పాదాల సంగతి ఇంకో కొలువు. రోజూ రాత్రి పడుకునే ముందు వదిన మనవరాలి చేత టార్చి పట్టించి, రెండు అరికాళ్లూ, వేళ్ల సందులూ చూస్తుంది. ముల్లు, గాజుపెంకు, పొక్కు, ఏదైనా సరే. చెప్పులు లేకుండా గుమ్మం దాటనివ్వదు. ఇసుక మీద ఎండలో చెప్పులు జారిపోయినా తెలియదు గనక వెనక పట్టీ ఉన్నవి కొన్నారు. నీళ్లు కాచాక ముందు తన మోచేత్తో చూసి, అప్పుడు ఆయన కాళ్ల మీద పోస్తుంది. ఇవన్నీ ఏ డాక్టరూ రాసివ్వకుండానే మా వదిన నేర్చుకున్నవి. వాటిని ఇలా పదిమందికీ చెబుతానంటే, "నాకేటి తెల్సు బాబూ, ఇలగ సేస్తన్నాను గానీ" అంది.

అన్నయ్య ఎడమ చేతికి, మణికట్టుకు పైన ఫిస్టులా చేశారు. ధమనినీ సిరనూ కలిపి కుట్టడం. డయాలసిస్ సూదులు అక్కడే గుచ్చుతారు. అందులో రక్తం ఉరవడిగా పారుతుంటే పైన చెయ్యి వేసిన వేళ్లకు జుమ్ముమని తెలుస్తుంది. రోజూ పొద్దున్నే అలా పట్టి చూడాలి. ఆ అదురు ఆగిందంటే ఫిస్టులా మూసుకుపోయినట్టే, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అయితే ఈమధ్య అన్నయ్య వేలి కొసలకు కూడా స్పర్శ తగ్గింది. ఉందో లేదో చెప్పలేకపోతున్నాడు.

కిందటి వారం నేను ఊరు వెళ్లాను. తెల్లవారుజామున అయిదింటికి లేచి చూస్తే, అరుగు మీద అన్నయ్య చెయ్యి చాపి కూర్చున్నాడు. వదిన పక్కన చతికిలబడి, ఆయన మణికట్టు మీద చెవి పెట్టి, కళ్లు మూసుకుని ఉంది. నేను అలికిడి చెయ్యకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను. తోటలో ఇంకా కాకి కూడా కూయలేదు. కాసేపటికి ఆవిడ తలెత్తి, "పారతంది మావా" అంది. అన్నయ్య చెయ్యి వెనక్కి తీసుకుని తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఏడింటికి సోంపేట బస్సు.